భీమునిపట్టణమున భోజన విచారము

విశాఖపట్టణమునుండి సముద్రతీరము వెంబడి ఉత్తరముగా సాగిన త్రోవ ఋషికొండను, తొట్లకొండను, ఎఱ్ఱమట్టి దిబ్బలను దాటి భీమునిపట్టణము చేరును. ఆదివారములందును సెలవుదినములందును ఈ త్రోవను పోవు కార్లలో కూర్చున్నవారు విద్యావంతులు, ఉద్యోగులు, పత్రికలు చదువువారు. ఒక్కమాటలో చెప్పవలెనన్న మనవారే. వీరు బయలుదేరుటకు ముందు ఒకరినొకరు అడుగుకొను ప్రశ్న యొకటి కలదు: ఆ యూరిలో ఎక్కడ తినవలెను, ఏమి త్రాగవలెను? దీనికి వీరే చెప్పుకొను సమాధానమును కలదు: ఆ యూరిలో తినదగిన చోటు లేదు, త్రోవలోని పెద్ద హోటలులో తినిపోవలెను, కాదేని ఇంటినుండి కట్టుకొనిపోవలెను.

ప్రశ్నను నేనాక్షేపింపను. ఆకలి సిగ్గుపడవలసిన విషయము కాదు. ఆక్షేపింపవలసినది ఆ సమాధానము. అది అబద్ధము. తెలియక చెప్పిన అబద్ధమైనచో క్షమింపవచ్చును. తెలిసికొనకుండుటకే పూనుకొని చెప్పుచున్న అబద్ధమిది.

గోస్తనీనది సముద్రమున కలియుచోట నున్న యీ యూరు నిన్న మొన్న విహారస్థలముగా పుట్టినది కాదు. 17వ శతాబ్దమున డచ్చివారిచ్చట వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. వారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైనది. 1861లోనే యిచ్చట పురపాలకసంఘ మేర్పడెను. ఇప్పుడా యూరు విశాఖ మహానగరపాలక సంస్థలో కలిసిపోయినది. ఇన్ని తరములుగా ఓడలవారికిని వర్తకులకును బాటసారులకును అన్నము పెట్టిన యూరు మన కార్లకు మాత్రము అన్నము పెట్టలేనిదాయెనా? భీముని పేర వెలసినదని ఊరివారు చెప్పుకొందురు. ఆ భీముడు విరాటుని కొలువున వలలుడను పేర ఏడాదిపాటు గరిటె పట్టినవాడని మన పిల్లలు సైతము ఎఱుగుదురు. వంటవాని పేరు పెట్టుకొన్న యూరిని తిండిలేని యూరనుట వినుటకే వింతగా నున్నది.

అక్కడ ఏమున్నదో చెప్పెదను. పాఠశాల పిల్లలను వెంటబెట్టుకొని ఆ యూరికి పలుమాఱులు పోయినవాడను. ముప్పది నలువది ఆకలికడుపులకు బాధ్యుడైన వాని మాట కొంత నమ్మదగినది. తెల్లవాఱగనే బజారులో ఇడ్లీకుండలు పొగలు గ్రక్కును. పెసరట్లు, పునుగులు అప్పటికప్పుడు వేసి యిత్తురు. వేసవిలో త్రోవప్రక్కన చోడి అంబలి కుండలు పెట్టుకొని కూర్చుందురు. మజ్జిగ కలిపి, నంజుకొనుటకు ఉల్లిపాయముక్కయు పచ్చిమిరపకాయయు నిత్తురు. ఆ దినములలోనే తాటిముంజలు. ఏడాది పొడుగునను కొబ్బరిబోండములు. మధ్యాహ్నమున బజారువైపు చిన్న భోజనశాలలలో అన్నము, పప్పు, వేపుడు, పులుసు, పెరుగు. సాయంకాలమున ఇసుకపై మరమరాల మిక్చరు, నిప్పులమీద కాల్చిన మొక్కజొన్నపొత్తులు, మిరపకాయబజ్జీలు. ఇవన్నియు ఎక్కడనైన దొరకునవి కావా యందురేమో. అవును, దొరకును. ఒడ్డుననే గాని తగినరీతిగా దొరకనిది వేఱొకటి కలదు, అది చేప.

నేను చేప తినువాడను కాను. అది పుట్టిపెరిగిన యింటి యలవాటు. అందు గొప్పయు లేదు, తక్కువయు లేదు. అయినను ఈ చర్చ చేపదగ్గఱనే తేలవలసియున్నది గనుక దానినిగూర్చియే యెక్కువగా చెప్పుచున్నాను.

తెల్లవాఱుజామున పడవలు ఒడ్డుచేరినప్పుడు వంజరము, చందువలు, కవళ్ళు, నెత్తళ్ళు, పీతలు ఇసుకపై కుప్పలు పడును. వేటకు పోవుట పురుషులవంతు. బేరమాడుట, అమ్ముట, ఉప్పువేయుట, ఎండబెట్టుట, వండుట స్త్రీలవంతు. ఏ చేపకు చింతపండుపులుసు పొసగునో, ఏది వేపుడునకు తగునో, దేని ముల్లు పిల్లల గొంతులో చిక్కునో ఆ జాలరి స్త్రీలకు తెలిసినట్లు ఏ పెద్ద హోటలు వంటవానికిని తెలియదు. ఇట్టి విద్య కలవారు ఊరినిండ నుండగా, మన కార్లు వారి వీధిముందుగా పోయి, విద్యుద్దీపముల బోర్డున్న ఏసీ గది ముందాగును. ఆ గదిలోని చేప యెక్కడిది? ఆ స్త్రీయే తట్ట నెత్తిన బెట్టుకొనివచ్చి వెనుకగుమ్మమున దింపిపోయినది. మనవారు ముందుగుమ్మమున ప్రవేశించి తిందురు. నడుమనున్న వంటగది చేపను శుద్ధిచేయు యజ్ఞశాల కాబోలు! వాహనములో ఆమె తట్టప్రక్కన కూర్చుండవలసివచ్చినచో ముక్కు మూసికొందురు. ఆ తట్టలోని సరకే నిమ్మచెక్కతో పళ్ళెములో వచ్చినప్పుడు ఫోటో తీసికొందురు. చేప కావలెను, చేప పట్టినవాని యింటి కూడు వలదు.

"ఇందు కులప్రసక్తి యేమున్నది? మేమెవరిని కులమడిగితిమి?" అని కొందఱు కోపింతురు. నిజమే, అడుగరు. అడుగవలసిన యవసరమే లేకుండ చేసికొన్నారు. ఒకప్పుడు మన పట్టణములలో 'బ్రాహ్మణ కాఫీ హోటలు' అను బోర్డులుండెడివి. పంక్తులు వేఱు, గదులు వేఱు, కొన్నియూళ్ళలో గ్లాసులు వేఱు. సహపంక్తి భోజనము చేసిన సంస్కర్తలను బంధువులు వెలివేసిరి. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 15వ అధికరణమున దుకాణములలోను, భోజనశాలలలోను, హోటళ్ళలోను కులమునుబట్టి గాని మతమునుబట్టి గాని యెవరిని ఆటంకపఱుపరాదని శాసించినది. 17వ అధికరణము అస్పృశ్యతనే రద్దుచేసినది. 1955లో దానికి శిక్షాశాసనమును వచ్చినది. ఇవి సామాన్యములైన విజయములు కావు. అయితే యీ శాసనములన్నియు గుమ్మమున నిలిచి లోనికి వచ్చువానిని వెడలగొట్టు యజమానిని పట్టుకొనగలవే గాని, గుమ్మమే తొక్కని యతిథిని పట్టుకొనలేవు. నాడు హోటలు మనుష్యుని వెలివేసెను. నేడు మనుష్యుడు హోటలును వెలివేయుచున్నాడు. ఈ వెలివేతకు సాక్షులుండరు, కేసుండదు, ఖాళీ బల్లలు మాత్రముండును.

మఱియొకటి గమనింపుడు. మన రాష్ట్రములలో రాజులపేర, రెడ్లపేర, చౌదరులపేర, బ్రాహ్మణులపేర భోజనశాలలును పచ్చళ్ళును పులావులును వెలసినవి. ఆ పేళ్ళు రుచికి హామీపత్రములవలె చెల్లుచున్నవి. వండుటయందు కులమునకు విలువ లేదనువారే ఆ బోర్డులను చూచి లోనికి పోవుదురు. జాలరివారి భోజనశాల యని పెద్ద యక్షరములతో వ్రాసుకొన్న బోర్డు ఇంతవఱకు నాకంటబడలేదు. చేపవంటకు ఆ పేరుకన్న మించిన హామీ యేమున్నది? కులనామమే అమ్మకపుసరకైన సంతలో కొన్ని పేళ్ళకే వెల యుండుటను చూచియు, 'కులప్రసక్తి యేమున్నది' యని యడుగుట అమాయకత్వము కాదు.

ఇక రెండవ సమాధానము: శుభ్రత. ఈ మాటను నేను తేలికగా త్రోసివేయను. కలుషాహారము పిల్లలప్రాణము తీయగలదు. కాని మన భాషలో 'శుద్ధి' యను పదము రెండు బరువులు మోయుచున్నది, ఒకదానిచాటున రెండవది దాగుచున్నది. ఛాందోగ్యోపనిషత్తున ఆహారశుద్ధిచే చిత్తశుద్ధి కలుగునని చెప్పిన చోట రామానుజీయులు ఆహారమనగా తిండియే యని గ్రహించి, దానికి జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషమని మూడు దోషముల నెన్నిరి. శంకరులు అచ్చటనే ఆహారమనగా ఇంద్రియములద్వారా లోనికి గ్రహింపబడు విషయజ్ఞానమని చెప్పి, దానియందు రాగద్వేషములు లేకుండుటయే శుద్ధి యనిరి. వేదాంతవాదమును తేల్చుట నాపని కాదు. మన యిండ్లలో గెలిచినది తిండివ్యాఖ్య; అందును మూడు దోషములలో ఆశ్రయదోషమొక్కటే, అనగా వండినదెవరు, తాకినదెవరు అనునదే. నిమిత్తదోషము, అనగా మురికి, వెండ్రుక, దుమ్ము పడుట, చూడదగినది. దానిని మనము ఏసీ గదికి అప్పగించి నిశ్చింతగా నున్నాము.

నిజముగా శుభ్రత కావలసినవాడు చూడవలసినవి కొన్ని యున్నవి. మాటిమాటికి కాగిన నూనెలో ధ్రువసమ్మేళనములు నూటికి 25 పాళ్ళు మించినచో ఆ నూనె వాడరాదని ఆహారభద్రతాప్రమాణ సంస్థ 2018 జూలై నుండి నియమము పెట్టినది. నల్లబడి నురుగు కట్టిన నూనెను కంటితోనే గుర్తింపవచ్చును. బజ్జీలబండి మూకుడు మన కన్నులయెదుటనే యున్నది, పెద్ద హోటలు మూకుడు గోడవెనుక నున్నది. ఏది చూడ వీలగునో దానిని శంకించి, ఏది కనబడదో దానిని నమ్ముట విచిత్రమైన విజ్ఞానము! వండువాని చేతులు కడుగుకొనుటకు నీళ్ళున్నవా? పళ్ళెములు నిలువనీటిలో ముంచి తీయుచున్నారా, పాఱునీటిలో కడుగుచున్నారా? ఈగలకు మూత యున్నదా? ఇట్లడిగినవానికి బండివాడు కోపింపడు. అడుగకనే ముఖము త్రిప్పుకొనిపోయినవానినిగూర్చి యతడేమి యనుకొనునో చెప్పనక్కఱలేదు.

వేసవిమాట ప్రత్యేకముగా చెప్పవలెను. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపుపడవలు వేటకు పోరాదు. చేపలు సంతానవృద్ధి పొందు కాలమగుటచే ప్రభుత్వమీ నిషేధము పెట్టినది. యంత్రములేని చిన్న పడవలకు మినహాయింపు కలదు. సరిగా ఆ దినములలోనే బడులకు సెలవులు, తీరమునకు జనప్రవాహము. మే నెలలో "ఈ యుదయమే సముద్రమునుండి వచ్చిన పెద్ద వంజరము" అని చీటీలో వ్రాసిన హోటలువాడు చిన్న తెప్పవాని యదృష్టమునైన చెప్పుచుండవలెను, మంచుగడ్డలలో దాచిన పాతసరకునైన అమ్ముచుండవలెను. సముద్రపు రొయ్య యని మనము తినునది పెక్కుమాఱులు చెఱువుల వనామీ; అది తూర్పు పసిఫిక్ తీరపు జాతి, 2009లో మన దేశమున ప్రవేశించినది. చెఱువురొయ్య తినుట తప్పు కాదు, సముద్రపుదని చెప్పి అమ్ముట తప్పు. ఒడ్డున నెత్తళ్ళు అమ్ము స్త్రీ నడిగినచో ఏ నెలలో ఏది దొరకునో ఉన్నదున్నట్లు చెప్పును. వేసవిలో ఎండుచేపయే యింటికూర యనియు చెప్పును. అది వాసన యని మనవారు వినరు.

ఈ హోటళ్ళ చీటీలలో మంచూరియా యను పేరు లేనిది అరుదు. ఆ వంటకము 1975 ప్రాంతమున ముంబయిలో పుట్టినదని చెప్పుదురు. మంచూరియాదేశస్థులకు దానితో సంబంధము లేదు. పరదేశపు వంటయని నేను దీనిని నిందించుటలేదు. మన పచ్చళ్ళకు ప్రాణమైన మిరపకాయ పోర్చుగీసువారి ఓడలలో అమెరికాఖండమునుండి వచ్చినదే; టమాటయు బంగాళాదుంపయు అంతే. పిల్లలు ఇష్టపడినచో మంచూరియా తినవచ్చును. భీమునిపట్టణమునకు పోయి దానినే తిని, ఆ యూరిలో ప్రత్యేకమైన తిండి లేదని యింటికివచ్చి చెప్పరాదు.

త్రాగుట సంగతి రెండు విధములు. ముందు నీరు. చలివేంద్రము పెట్టుట పుణ్యమని యెంచిన దేశమిది. ఈనాడు తీరమున దాహమైనవానికి సీసా తప్ప గతి లేదు. హోటలులో అచ్చువేసిన వెలకు మించి తీసికొన్నను కూడునని 2017 డిసెంబరున అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ తీర్పులోని న్యాయసూక్ష్మము న్యాయవాదుల కెఱుక. నా కెఱుకయైనది ఇది: బడిపిల్లలకు నీరు పోయుడని యొక హోటలులో అడిగినచో "సీసాలున్నవి" యను సమాధానము వచ్చినది, బజారులోని చిన్న భోజనశాలలో అడుగకముందే లోటాలు నింపిరి. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ చెంచాలు, గొట్టములు, పళ్ళెములు దేశమంతట నిషిద్ధములైనవి గాని నీళ్ళసీసాలు ఆ నిషేధములో చేరలేదు. అవి యెక్కడికి పోవునో తీరమున వలలాగువారి నడిగిన తెలియును.

రెండవది మద్యము. చెప్పుటకు రోతగా నున్నను చెప్పక తప్పదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు రేపిన సారావ్యతిరేకోద్యమము 1993లో సారానిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను; 1997లో ఆ నిషేధము సడలిపోయెను. ఆ స్త్రీలు చదువుకొన్నవారు కారు. చదువుకొన్నవారు చేయునదేమనగా, ఇంటిలో త్రాగుటకు జంకి సముద్రపుటొడ్డునకు పోయి త్రాగి సీసా ఇసుకలో పగులగొట్టిపోవుట. మఱునాడుదయము ఒడ్డున నిలిచి పెద్దవల లాగువారు చెప్పులు తొడిగికొని లాగరు. వారి కాళ్ళలో దిగుచున్న గాజుపెంకు ఎవరి విహారముయొక్క శేషమో విచారింపుడు. త్రాగి నీటదిగి ప్రాణము పోగొట్టుకొన్నవారి మాట వేఱుగా చెప్పను. అదియుగాక, ఇట్టివారు చేరుచోట కుటుంబస్త్రీలు కూర్చుండజాలరు. ఆ చోటి చిన్న బండ్లకు గిరాకీ పోవును. 'అది మంచి చోటు కాదు' అను మాట ఊరంతటికిని అంటుకొనును. చెఱచువారు వచ్చిపోవువారు, చెడ్డపేరు ఉన్నవారికి!

ఇంటినుండి కట్టుకొనిపోవుటను గూర్చి యిల్లాండ్ర నడుగవలసియుండెను, ఎవరును అడుగలేదు. ఆదివారపు విహారమునకు ఇల్లాలు నాలుగుగంటలకే లేచి పులిహోరయు పెరుగన్నమును కలిపి గిన్నెలకెత్తును. సముద్రము చెంత వడ్డించును. సాయంకాలమింటికి వచ్చి ఆ గిన్నెలు తోమును. భర్తకును పిల్లలకును అది విహారము. ఆమెకు వంటశాల ఇరువదియైదు కిలోమీటర్లు జరిగినది, అంతే. బజారు భోజనశాలలో నలుగురును కూర్చుండి తినినచో ఒక పూట ఆమె చేతికి గరిటె తప్పును, ఆ యూరిలోని మఱియొక స్త్రీ చేతికి కూలి దక్కును. కొంతకాలము క్రిందటివఱకు ఈ గిన్నెలమూట మడికై యని చెప్పెడివారు. ఇప్పుడు ఆరోగ్యమునకై యనుచున్నారు. మూట మాత్రమదే. స్త్రీలకు తగిన మఱుగుదొడ్డి లేదన్న ఫిర్యాదును నేనొప్పుకొందును. అది లేనిచో ఏ తల్లియు నీరైన త్రాగక దినమంతయు గడుపును. దీనికై నగరపాలక సంస్థను అడుగుట మానినవారు మూట కట్టుట మానలేదు.

కార్తికమాసమున మాత్రము మనవారికీ తీరమున తినుటకు భయముండదు. తోటలలో ఉసిరిచెట్టు క్రింద వనభోజనములు! శివకేశవభక్తులందఱును చెట్టునీడను కలిసి తినుట యీ వ్రతపు సొగసని నేను చిన్ననాడు వింటిని. ఇప్పుడు తోట గేటునకు కట్టిన గుడ్డపై ఏముండును? ఫలానా కులసంఘము వారి కార్తిక వనసమారాధన. ప్రక్కతోటలో వేఱొక గుడ్డ, వేఱొక కులము. ఉపన్యాసములు, రాజకీయనాయకులు, సన్మానములు. వంటవారు, నీళ్ళుమోయువారు, ఎంగిలాకులెత్తువారు మాత్రము ఆ కులమువారై యుండనక్కఱలేదు. హోటలు బోర్డునుండి శాసనము తుడిచివేసిన యక్షరములను ఉసిరిచెట్టుక్రింద మనమే తిరుగవ్రాసికొంటిమి. ఇందు ఉపాధ్యాయులు, న్యాయవాదులు, వైద్యులు ముందువరుస కుర్చీలలో నుందురు. తైత్తిరీయము అన్నమును నిందింపకుండుటను వ్రతమనియు, వసతికోరి వచ్చినవానిని త్రిప్పిపంపకుండుటను వ్రతమనియు ఒక్కచోటనే చెప్పినది. ఆ సభలలో వేదపఠనమును జరుగుచుండును.

ఏమిచేయవలెనందురా? 2014లో పార్లమెంటు వీధివర్తకుల జీవనరక్షణశాసనము చేసినది. దాని ప్రకారము ప్రతిపట్టణమునను వర్తకసంఘము ఏర్పడవలెను. అందు నూటికి 40 పాళ్ళకు తగ్గకుండ వీధివర్తకుల ప్రతినిధులుండవలెను, వారిలో మూడవవంతు స్త్రీలు. లెక్క తీయకముందు ఎవరిని తొలగింపరాదు. తీరమును సుందరము చేయుచున్నామను పేరుతో బండ్లను త్రోయునప్పుడు ఈ శాసనము పేరెత్తుటకు ఆ జాలరి స్త్రీలకు అక్షరబలము చాలకపోవచ్చును, మనకు చాలును. నీళ్ళకుళాయి, మురుగుకాలువ, చెత్తతొట్టి, మఱుగుదొడ్డి కావలెనని అర్జీ వ్రాయుటకు గంట పట్టదు. హోటలునకు చుక్కలువేసి చేతిఫోనులో అభిప్రాయములు వ్రాయుటకు పట్టు కాలముకన్న అది తక్కువ.

ఈలోగా పోవువారు ఉదయమున పోవుట మంచిది. చేప తినువారు ఒడ్డున చేప కొని, వండి యిచ్చు స్త్రీ నొకతెను అక్కడనే విచారించి, ఇంతమందికి కావలెనని సొమ్ము ముందుగా నిచ్చి, రెండుగంటలు ఇసుకపై పిల్లలను ఆడనిచ్చి, వచ్చి కూర్చుండి తినవచ్చును. నావంటివారికి బజారులో పప్పన్నము కలదు. నూనె రంగు చూడుడు. చేతులు కడుగు నీళ్ళు చూడుడు. వేసవిలో వంజరము అడుగకుడు. బోండమువానితో రూపాయికై వాదింపకుడు. మంచినీరు లోటాలో తీసికొనిపోయినచో లోటాయే తిరిగి యింటికి వచ్చును.